రెండింటిని పోల్చాలంటే మూడోది కావాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నారు. గురజాడ అప్పారావు, తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి కవిత్వాల తులనాత్మక పరిశీలన మీ అంశం. సదస్సులో ఒకరు లేచి "ఈ ఇద్దరినే ఎందుకు పోలుస్తున్నారు? దేని ఆధారంగా?" అని అడిగితే వెంటనే జవాబు తోచలేదు. ఆ తర్వాత చూస్తే తులనాత్మక భాషాశాస్త్రం, తులనాత్మక శరీర నిర్మాణ శాస్త్రం, తులనాత్మక రాజనీతి అంటూ ప్రతి విభాగంలోనూ ఆ మాట కనిపించింది. వీళ్లందరూ చేసేది ఒకే పనా, అందులో మీకు పనికివచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు.

చాలా ఉంది. విశాఖలోనే ముప్పై ఏళ్లకు పైగా గణాంక శాస్త్రం, పరిశోధన పద్ధతులు బోధించాను. జంతుశాస్త్రం వాళ్లు, అర్థశాస్త్రం వాళ్లు, తెలుగు విభాగం వాళ్లు, వైద్య విద్యార్థులు తమ లెక్కలు పట్టుకుని నా దగ్గరకు వచ్చేవారు. విషయాలు వేరైనా తడబడే చోటు మాత్రం అందరికీ ఒకటే. పోల్చదలచిన రెండు వస్తువులనూ శ్రద్ధగా చదువుకుని వస్తారు. ఆ రెండింటినీ కలిపే మూడోదాని గురించి మాత్రం ఆలోచించి ఉండరు. మిమ్మల్ని సదస్సులో అడిగింది ఆ మూడోదాని గురించే. అది మంచి ప్రశ్న. అడిగినవారి మీద కోపం పెట్టుకోకండి.

ముందు మన మాటలే చూడండి. ఈ పనికి తెలుగులో మూడు మాటలు వాడుకలో ఉన్నాయి, మూడూ మూడు వేరు పనులు. "బిడ్డకు తాతగారి పోలిక వచ్చింది" అంటాం. అక్కడ పోలిక వస్తువులోనే ఉంది, రక్తంలో దిగివచ్చింది, మనం గుర్తుపట్టామంతే. తులన వేరు. తుల అంటే త్రాసు. ఒక పళ్లెంలో ఇది, రెండో పళ్లెంలో అది పెట్టి ఎంత తేడా ఉందో చూడడం. ఇక తారతమ్యం. ఈ మాట సంస్కృతంలోని 'తర', 'తమ' అనే రెండు ప్రత్యయాల నుంచి పుట్టింది. ఉన్నతం, ఉన్నతతరం, ఉన్నతతమం అన్నట్టు మెట్లు కట్టి ఏది పైమెట్టో చెప్పడం. పుట్టుక వెతికేది ఒకటి, ఎంత అని కొలిచేది ఒకటి, ఏది మేలు అని తేల్చేది ఒకటి. నేను చూసిన చాలా సిద్ధాంత వ్యాసాలు మొదటి అధ్యాయంలో పోలికతో మొదలై, మధ్యలో చెప్పాపెట్టకుండా తులనలోకి జారి, చివరికి తారతమ్యం తేల్చి ముగిశాయి. మీ వ్యాసం ఈ మూడింటిలో ఏ పని చేయబోతోందో ముందే నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు మూడోదాని సంగతి. దీనికి మీరు బయటి శాస్త్రాల దాకా వెళ్లనక్కరలేదు, మీ విభాగంలోనే ఉంది. ఉపమాలంకారానికి నాలుగు అంగాలని మీరు ఇంటర్మీడియట్‌కు ముందే చదివి ఉంటారు. ఉపమేయం, ఉపమానం, సాధారణ ధర్మం, ఉపమావాచకం. "ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది" అన్నప్పుడు ముఖం, చంద్రుడు, 'లా' కాక 'అందం' అనే నాలుగో మాట ఒకటి ఉంది. అదే సాధారణ ధర్మం, రెండింటికీ ఉమ్మడి గుణం. అది లేకపోతే ముఖం చంద్రుడిలా గుండ్రంగా ఉందా, చల్లగా ఉందా, మచ్చతో ఉందా తెలియదు. కవి ఆ మాటను కావాలనే వదిలేసి లుప్తోపమ చేయవచ్చు. పాఠకుడు దాన్ని పూరించుకుని ఆనందిస్తాడు. పరిశోధనలో వదిలేస్తే ఒక్కో పాఠకుడు ఒక్కో గుణంతో పూరించుకుంటాడు, మీరు నిరూపించింది ఏమిటో ఇద్దరికి ఒకేలా అర్థం కాదు. మీ వ్యాసం పేరు "గురజాడ – భారతి: తులనాత్మక పరిశీలన". ఇది లుప్తోపమ. సాధారణ ధర్మం ఏమిటో శీర్షికలో లేదు.

తర్కశాస్త్రం వాళ్లు ఇంకో సంగతి పట్టుకున్నారు. గవయం అనే అడవి జంతువును ఎన్నడూ చూడని ఊరివాడికి ఒకరు "అది ఆవులా ఉంటుంది" అని చెబుతారు. అతను అడవిలో దాన్ని చూసి, విన్న మాట గుర్తుకు వచ్చి, ఇదే గవయం అని తెలుసుకుంటాడు. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, దీన్ని ఉపమానం అనే ప్రత్యేక ప్రమాణంగా, అంటే జ్ఞానం పొందే ఒక దారిగా ఒప్పుకున్నారు. వేరే దర్శనాల వారైన వైశేషికులు, బౌద్ధులు ఒప్పుకోలేదు. మీమాంసకులు ప్రమాణంగా ఒప్పుకున్నా దిక్కు మార్చారు. అడవిలో గవయాన్ని చూసినవాడికి కలిగే కొత్త జ్ఞానం "మా ఇంటి ఆవు దీనిలా ఉంది" అన్నది అని వారి వాదం. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది కానీ పోలికకు దిక్కు ఉందని ఇది చెబుతోంది. కృష్ణశాస్త్రిని 'ఆంధ్రా షెల్లీ' అన్నాం. షెల్లీని 'ఇంగ్లండు కృష్ణశాస్త్రి' అని ఎవరూ అనలేదు. ఉపమానంగా నిలబెట్టినవాడే కొలబద్ద అవుతాడు, రెండోవాడిలో ఆ కొలబద్దకు అందేదే కనిపిస్తుంది, అందనిది కనిపించకుండా పోతుంది. మీ వ్యాసంలో భారతి కొలబద్దా, గురజాడ కొలబద్దా? ఇద్దరూ కాకుండా బయటి కొలబద్ద ఒకటి పెట్టగలరా? దీని మీద కొన్ని రోజులు కూర్చోండి.

కొలబద్ద మనకు తెలియకుండానే ఎలా మారిపోతుందో చెప్పడానికి నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొందరు విద్యార్థులతో కలిసి భీమిలిలోనూ పూడిమడకలోనూ ఒడ్డుకు వచ్చిన కానాగంత చేపల పొడవులు కొలిచాం. వారాల తరబడి తెల్లవారుజామున వెళ్లి, స్కేలు మీద పెట్టి, పుస్తకంలో రాసుకున్నాం. భీమిలి చేపలు స్పష్టంగా చిన్నవని తేలింది. సగటులకు తేడా ఉంది, ఆ తేడా యాదృచ్ఛికం కాదని పరీక్ష కూడా చెప్పింది. నీటి వేడి, ఆహారం అంటూ కారణాలు రాయడం మొదలుపెట్టాను. చివరి రోజు పూడిమడకలో వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు ఈ సంగతి చెబితే, ఆయన చేతిలో పని ఆపకుండానే "అక్కడివి ఏ వలలో పడ్డాయో అడిగారా బాబూ?" అన్నారు. అడగలేదు. భీమిలిలో మేం కొలిచినవి ఒడ్డు నుంచి లాగే అలివి వలలోవి. ఆ వల సంచిలో కన్ను సన్నం, పిల్ల చేప కూడా తప్పించుకోలేదు. పూడిమడకలో కొలిచినవి, చేప తల దూరి మొప్పల దగ్గర ఇరుక్కునే రకం వలలోవి. అందులో కన్నును బట్టి ఒక సైజు చేపే నిలుస్తుంది, చిన్నది జారిపోతుంది. నేను పోల్చింది రెండు ఊళ్ల చేపలను అనుకున్నాను, తేలింది రెండు వలల తేడా. ఆ వ్యాసాన్ని పక్కన పెట్టేశాను. అప్పటి నుంచి ఏ పోలిక నా దగ్గరకు వచ్చినా ముందు అడిగేది 'ఇవి ఏ వలలో పడ్డాయి?' అనే. మీరు కూడా అడగండి. గురజాడ రచనలు ఏ సంకలనం నుంచి తీసుకుంటున్నారు, భారతివి తమిళ మూలంలో చదువుతున్నారా, తెలుగు అనువాదంలోనా? ఒకరిని మూలంలో, ఒకరిని అనువాదంలో చదివి శైలిని పోలిస్తే నేను చేసిన పొరపాటే మీరూ చేసినట్టు.

ఆ పెద్దాయన చెప్పిన జాగ్రత్తనే వైద్యంలో 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పాటించాడు. సాలిస్‌బరీ అనే యుద్ధనౌకలో స్కర్వీ అనే జబ్బుతో బాధపడుతున్న 12 మంది నావికులను, వ్యాధి లక్షణాలు వీలైనంత ఒకేలా ఉన్నవాళ్లను ఎంచుకున్నాడు. అందరినీ ఓడలో ఒకే చోట ఉంచి, ఒకే తిండి పెట్టి, ఇద్దరిద్దరికి ఒక్కో మందు చొప్పున ఆరు రకాలు ఇచ్చాడు. నారింజలు, నిమ్మకాయ తిన్న ఇద్దరూ అందరికంటే త్వరగా కోలుకున్నారు. ఒక్కటి తప్ప అన్నీ సమానంగా ఉంచి ఆ ఒక్కదాన్ని మార్చడమనే ఈ పద్ధతికి జాన్ స్టువర్ట్ మిల్ 1843లో తర్కంలో వ్యతిరేక పద్ధతిగా సూత్రం కట్టాడు. కవులను ఓడలో పెట్టి ఒకే తిండి పెట్టలేం కాబట్టి మీకు ఇది నేరుగా పనికిరాదు. కానీ దీని నీడ ఒకటి పనికివస్తుంది, చివర్లో చెబుతాను.

ఇప్పుడు మొదటి మాటకు, పుట్టుకను వెతికే పోలికకు వస్తాను. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. విశాఖలో కూర్చుని దీని గురించి మాట్లాడడానికి కారణం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ ఇక్కడ ఉండి, మన జాలరుల దగ్గర చేపలు సేకరించి, 1803లో విశాఖపట్నం చేపలు రెండు వందల వర్ణనలు, బొమ్మలతో పుస్తకం వేశాడు. చాలా చేపలకు జాలరులు చెప్పిన తెలుగు పేర్లే రాసుకున్నాడు. తులనాత్మక శరీర నిర్మాణ శాస్త్రానికి ఆద్యుడిగా చెప్పే ఫ్రెంచి పండితుడు క్యువియే ఆ పుస్తకం ఆధారంగానే 1816లో మన కానాగంతకు శాస్త్రీయ నామం పెట్టాడు. ప్రజాతి పేరు తర్వాత మారినా, మన తెలుగు పేరు అందులో నిలిచి, నేటికీ ప్రపంచమంతా దాన్ని రాస్ట్రెల్లిజర్ కనగుర్త అని పిలుస్తోంది. నేను భీమిలిలో కొలిచిన చేప అదే.

చేపల రేవులో నిలబడితే సూర చేప, అంటే ట్యూనా, కనిపిస్తుంది. సముద్రంలో కొంచెం లోపలికి వెళితే డాల్ఫిన్ కనిపిస్తుంది. రెండింటికీ మొనదేలిన ఒళ్లు, వీపు మీద రెక్క, తోక. చూపుకు ఒకే జాతి. తోక చూడండి. సూర తోక నిలువుగా ఉంటుంది, పక్కలకు ఊపుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా ఉంటుంది, పైకీ కిందికీ ఊపుతుంది. పరుగెత్తే కుక్క వెన్ను ఎలా పైకీ కిందికీ వంగుతుందో అలా. ఎందుకంటే డాల్ఫిన్ నేల మీద నడిచిన క్షీరదాల సంతతి. దాని ముందు రెక్కలోపల మన చేతిలో ఉన్నట్టే ఒక దండ ఎముక, రెండు ముంజేతి ఎముకలు, వేళ్ల ఎముకలు ఉంటాయి. గబ్బిలం రెక్కలోనూ అవే. పియెర్ బెలాన్ 1555లోనే పక్షి అస్థిపంజరాన్ని, మనిషి అస్థిపంజరాన్ని పక్కపక్కనే గీసి ఎముకకు ఎముక జతపరిచాడు. రిచర్డ్ ఓవెన్ 1843లో ఈ రెండు రకాల సామ్యాలకు వేరు పేర్లు పెట్టి విడదీశాడు. మన పాఠ్య పుస్తకాల్లో వాటిని నిర్మాణ సామ్యం, క్రియా సామ్యం అంటున్నాం. పని వేరైనా నిర్మాణం ఒకటైతే అది మొదటిది, నిర్మాణం వేరైనా పని వల్ల ఒకేలా కనిపిస్తే రెండోది. ఆ నిర్మాణ సామ్యం పుట్టుక ఒకటి కావడం వల్ల వచ్చిందని వివరించినవాడు డార్విన్, 1859లో.

భాషల్లోనూ అచ్చంగా ఇదే కథ. కన్నడంలో కివి, కెరె, కై. తెలుగులో చెవి, చెరువు, చెయ్యి. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు కన్నడంలో క ఉన్నచోట తెలుగులో చ వస్తోంది. ఇంకో వరస చూడండి. తెలుగులో పాలు, పులి, పాము, పేరు, పది. కన్నడంలో హాలు, హులి, హావు, హెసరు, హత్తు. పాత కన్నడ శాసనాల్లో ఈ హ-కారం చోట ప-కారమే ఉంది, తర్వాత మారింది. ఇక్కడ రుజువు మాటలు ఒకేలా ఉండడంలో లేదు, తేడా క్రమం తప్పకుండా ఉండడంలో ఉంది. ఒకేలా ఉండడం ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి భాషా శాస్త్రవేత్తలు ఒక ఉదాహరణ ఇస్తారు. ఆస్ట్రేలియాలోని ఎంబాబరం అనే ఆదివాసీ భాషలో కుక్కను 'డాగ్' అనేవారు. ఇంగ్లీషుతో ఏ బంధుత్వమూ లేదు, అప్పు తెచ్చుకున్నదీ కాదు, కేవలం కాకతాళీయం. మన దగ్గర ఇంకో పాఠం ఉంది. అరకు, కొరాపుట్ ప్రాంతాల్లో గదబ అనే ఒకే పేరుతో పిలిచే జనంలో కొందరి భాష ముండా కుటుంబానికి, కొందరి భాష ద్రావిడ కుటుంబానికి చెందినది. పేరు ఒకటని భాష ఒకటనుకుంటే తప్పులో కాలు వేసినట్టే.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో అన్నాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందనే నమ్మకాన్ని 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఎదిరించాడు. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో తెలుగు, తమిళం, కన్నడం ధాతువులను పక్కపక్కన పెట్టి చూపించాడు. కాల్డ్వెల్ రాసిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1856లో వచ్చింది. మన దగ్గరే చదివి, బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఇదే పద్ధతితో తెలుగు క్రియాధాతువులను పరిశోధించి 1961లో ప్రచురించారు. కొండ దొరల కూబి భాషకు వర్ణనాత్మక వ్యాకరణమూ రాశారు. తెలుగు విభాగంలో ఉన్నారు కాబట్టి మీరు ఆయన్ని చదవకుండా ముందుకు పోకండి.

పుట్టుక పోలిక రాళ్లలో కూడా ఉంది. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ కొండల రాయిని ఖొండలైటు అంటారు, తూర్పు కనుమల్లోని ఖోండు జాతి పేరు మీదుగా. తూర్పు కనుమల రాళ్లను, వాటి వయసులను తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు రాళ్లతో పోల్చి, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట ఈ రెండూ ఒకే పర్వత శ్రేణిలో భాగాలని భూగర్భ శాస్త్రవేత్తలు నిర్ణయించారు. సాయంత్రం ఆర్.కె. బీచ్‌లో కూర్చుని దక్షిణంగా చూసినప్పుడల్లా ఇది గుర్తొచ్చి నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఎముకలు, మాటలు, రాళ్లు. మూడు శాస్త్రాలూ ఒకే ప్రశ్న అడుగుతున్నాయి. ఈ సామ్యం ఒకే మూలం నుంచి వచ్చిందా, ఒకరి నుంచి ఒకరికి అప్పుగా వచ్చిందా, ఒకే పరిస్థితి ఇద్దరినీ ఒకే ఆకారంలోకి మలిచిందా, లేక కాకతాళీయమా? ఈ నాలుగింటినీ తూచకుండా 'ఇద్దరిలోనూ ఇది ఉంది' అని ఆగిపోతే అది సామ్యాల పట్టిక అవుతుందే తప్ప పరిశోధన కాదు.

ఇందులో ఒక లోతైన చిక్కు ఉంది. మీ అంశానికి అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఎడ్వర్డ్ టైలర్ అనే మానవ శాస్త్రవేత్త 1888లో లండన్‌లో ఒక ప్రసంగం చేశాడు. సుమారు 350 జాతుల పెళ్లి ఆచారాలను పట్టికలు వేసి, అల్లుడు అత్తవారింట ఉండే జాతుల్లో అల్లుడూ అత్తగారూ ఒకరికొకరు ఎదురుపడకపోవడం, మాట్లాడకపోవడం ఎక్కువగా కనిపిస్తోందని చూపాడు. ఇల్లరికం తెలిసిన మనకు ఇది వింతేమీ కాదు. సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సిస్ గాల్టన్ మాత్రం లేచి ఒక ప్రశ్న అడిగాడు. ఈ జాతుల్లో ఎన్ని ఆ ఆచారాన్ని తమంతట తాము ఏర్పరచుకున్నాయి, ఎన్ని ఒకే మూలం నుంచి తెచ్చుకున్నాయి? పది ఊళ్లు ఒకే ఊరి నుంచి ఆచారం తెచ్చుకుంటే అవి పది సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యం పదిసార్లు లెక్కకు వచ్చినట్టు. దీన్నే గాల్టన్ సమస్య అంటారు. జీవశాస్త్రంలో ఇదే చిక్కుకు 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ లెక్క కట్టే దారి చూపాడు. నేను క్లాసులో దీనికి ఒక్క మాటే చెప్పేవాణ్ణి. నలుగురు చెప్పారంటే, ఆ నలుగురికీ ఎవరు చెప్పారో అడగండి.

రెండో మాట తులన. ఇక్కడ కొలతలు, లెక్కలు వస్తాయి, మీకు తక్కువ అవసరం కాబట్టి త్వరగా దాటుతాను. విశాఖలో 36 డిగ్రీలు, లంబసింగిలో 4 డిగ్రీలు ఉన్నాయనుకోండి. విశాఖ తొమ్మిది రెట్లు వేడి అనవచ్చా? అదే వేడిని ఫారెన్‌హీట్‌లో చూస్తే 96.8, 39.2. రెండున్నర రెట్లు కూడా కాదు. సెల్సియస్‌లోని సున్నా మనం పెట్టుకున్నది కాబట్టి తేడా చెప్పవచ్చు, రెట్లు చెప్పకూడదు. మార్కులకూ ఇదే వర్తిస్తుంది.

ఇక మన ఏ.వి.ఎన్. కళాశాలలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గురించి చెప్పకుండా ఉండలేను. ఆయన కేంబ్రిడ్జిలో ఉన్న రోజుల్లో సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ప్రాచీనుల ఎముకల కొలతలను ఇతర జనసమూహాల కొలతలతో పోల్చారు. అందుకు వాడింది మహలనోబిస్ 1936లో రూపొందించిన దూరం అనే కొలత. అందులోని ఆలోచన మామూలు మనిషికి చెప్పగలిగేదే. రెండు సమూహాల మధ్య ఎత్తులో 2 సెంటీమీటర్లు, ముక్కు వెడల్పులో 2 మిల్లీమీటర్లు తేడా ఉంటే ఏది పెద్ద తేడా? సమూహం లోపల మనుషుల ఎత్తులు 6 సెంటీమీటర్లు అటూ ఇటూ సహజంగా మారుతుంటే 2 చిన్నది. ముక్కు వెడల్పు 3 మిల్లీమీటర్లే మారుతుంటే 2 పెద్దది. లోపలి తేడాతో పోల్చి చూస్తేనే బయటి తేడాకు అర్థం. రెండో సంగతి, ఎత్తు ఉన్నవాడికి చేతులూ పొడవే ఉంటాయి కాబట్టి రెండూ లెక్కేస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్టు. గాల్టన్ అడిగిందే ఇక్కడ కొలతల్లోకి వచ్చింది. మీకు ఇది ఇలా పనికివస్తుంది. గురజాడ తొలి పద్యాలకూ ముత్యాల సరాలకూ మధ్య ఉన్న తేడా, గురజాడకూ భారతికీ మధ్య ఉన్న తేడా కంటే పెద్దదైతే, మీ పోలిక ఏమవుతుంది? ఒక్కో కవి లోపలి తేడాను ముందు చూడండి.

వైద్య విద్యార్థులకు నేను ఎప్పుడూ వేసే లెక్క ఒకటి ఉంది, అంకెలు కల్పితం. ఒక పెద్దాసుపత్రికి తేలిక జబ్బుతో 200 మంది వస్తే ఇద్దరు, తీవ్ర జబ్బుతో 800 మంది వస్తే 80 మంది చనిపోయారు. ఒక చిన్నాసుపత్రికి తేలిక జబ్బుతో 900 మంది వస్తే 18 మంది, తీవ్ర జబ్బుతో 100 మంది వస్తే 15 మంది చనిపోయారు. మొత్తం మీద పెద్దాసుపత్రిలో 8.2 శాతం, చిన్నదానిలో 3.3 శాతం మరణాలు. చిన్నదే మేలనిపిస్తుంది. విడదీసి చూడండి. తేలిక జబ్బులో పెద్దదానిలో 1 శాతం, చిన్నదానిలో 2 శాతం. తీవ్ర జబ్బులో 10, 15. రెండింటిలోనూ పెద్దాసుపత్రే మేలు. అక్కడికి వచ్చేవాళ్లే ఎక్కువ జబ్బుతో వస్తున్నారు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1973 ప్రవేశాలను పరిశీలించినప్పుడు అచ్చంగా ఇలాంటి తిరకాసే బయటపడింది.

మూడో మాట తారతమ్యం గురించి నా అభిప్రాయం గట్టిదే. సాహిత్య పరిశోధనలో దాని జోలికి పోకండి. ఒక విద్యార్థికి తెలుగులో 90, లెక్కల్లో 60. ఇంకొకరికి 70, 75. మొత్తంలో మొదటివాడు ముందు. లెక్కల మార్కులకు రెట్టింపు విలువ ఇస్తే రెండోవాడు ముందు. ఎవరు మేలన్నది వాళ్లలో లేదు, మనం ఇచ్చిన విలువలో ఉంది. అర్థశాస్త్రంలో రెండు ఊళ్ల ధరలు పోల్చేవారికీ ఇదే తలనొప్పి. ఏ ఊరి సరుకుల బుట్టతో లెక్కేస్తే ఆ జవాబు వస్తుంది. న్యాయశాస్త్రంలో రాజ్యాంగం 14వ అధికరణ కింద వివక్ష అనాలంటే ముందు ఆ ఇద్దరూ ఒకే స్థితిలో ఉన్నారని చూపాలి. అక్కడా మూడోదే కావలసింది.

ఇక మీ ఇద్దరు కవులు. గురజాడ 1862లో పుట్టి 1915లో, భారతి 1882లో పుట్టి 1921లో మరణించారు. ఒకరు విజయనగరంలో, ఒకరు మద్రాసులో, 1908 నుంచి పదేళ్లు పుదుచ్చేరిలో. ఇద్దరూ దేశభక్తి గీతాలు రాశారు, స్త్రీల గురించి రాశారు, గ్రాంథికపు బరువు దించారు. మీ దగ్గర ఉన్న పట్టికలో ఇవన్నీ ఉంటాయని ఊహించగలను. వాటిలో ఒక్కోదాన్ని గాల్టన్ ముందు నిలబెట్టండి. ఇద్దరూ ఒకే మద్రాసు రాజధాని ప్రజలు. 1905 తర్వాతి స్వదేశీ గాలి ఇద్దరికీ ఒకటే. 1907లో బిపిన్ చంద్ర పాల్ విజయనగరం, విశాఖపట్నం మొదలుకుని కోస్తా ఊళ్లలో ప్రసంగిస్తూ మద్రాసు దాకా వెళ్లాడు. ఇద్దరూ ఇంగ్లీషు కవులను చదివినవారే. గురజాడ విద్యార్థి దశలోనే ఇంగ్లీషులో కవిత్వం రాశారు, భారతి షెల్లీదాసన్ అని కలం పేరు పెట్టుకున్నారు. కాబట్టి దేశభక్తి విషయంలో ఇద్దరూ రెండు సాక్ష్యాలు కాకపోవచ్చు. ఒకే నీరు రెండు కాలువల్లో పారి ఉండవచ్చు. అది రాయడం తప్పు కాదు, కానీ అప్పుడు మీ వ్యాసం ఆ నీటి గురించి అవుతుంది.

నేనైతే సాధారణ ధర్మంగా ఛందస్సును ఎంచుకుంటాను. గురజాడ 1910లో ముత్యాల సరాలకు మూడు, నాలుగు మాత్రల నడకను తీసుకున్నారు. భారతి కుమ్మి, చిందు లాంటి జనం పాటల బాణీలు తీసుకున్నారు. ఇద్దరూ పాత ఛందస్సును వదిలి మాత్రల నడకకు ఎందుకు వచ్చారన్నది కొలవదగిన ప్రశ్న. మూలంలో చదవాలి, మాత్రలు లెక్కపెట్టాలి, తమిళం తెలిసినవారి సాయం కావాలి, ఆరు నెలలు పడుతుంది. ఇప్పుడు లిండ్ ఓడ నీడ. ఇంగ్లీషు చదువే ఈ మార్పు తెచ్చిందని మీరు అనబోతున్నట్టయితే, ఇంగ్లీషు చదువు ఉండీ ఛందస్సు మార్చనివాడు ఒకడు మీకు కావాలి. దగ్గర్లోనే ఉన్నారు. తర్వాత మన విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి, మద్రాసులో విద్యార్థిగా ఉండగానే ముసలమ్మ మరణం రాశారు. వస్తువు కొత్తది, పద్యాలు మాత్రం పాత ఛందస్సులోవే. ఆయన్ని మూడో కవిగా ఒక్క అధ్యాయంలో తెచ్చి పెట్టండి. అప్పుడు ఇంగ్లీషు చదువు ఒక్కటే కారణం అనే మాట నిలుస్తుందో లేదో మీకే తెలుస్తుంది, దాంతో పాటు అసలు కారణం ఎక్కడ వెతకాలో కూడా.

ముందుగా ఒక పేజీ రాయండి. ఏ గుణం మీద పోలుస్తున్నారు, ఏ ప్రతుల నుంచి, ఎవరు కొలబద్ద, సామ్యానికి నాలుగు కారణాల్లో దేన్ని ఎలా తోసిపుచ్చుతారు. ఆ పేజీ పంపితే చదివి, ఎక్కడ సందేహం ఉందో గుర్తుపెట్టి తిరిగి ఇస్తాను.